ఫోన్‌లో అనేసిన 30 వేలు: మంగళగిరి చీరల షాపుకు నేను చేసిన మొదటి ఆన్‌లైన్ షాపు

2025 మే రెండో వారంలో ఒక ఫోన్ వచ్చింది. మంగళగిరిలో చేనేత చీరల షాపు నడిపే పెద్దాయన, మా పిన్ని వాళ్లకు బాగా తెలిసినవాళ్లు. "అమ్మా, మా చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముకునేలా ఒక వెబ్‌సైట్ చేయాలి, ఎంతవుతుంది?" అన్నారు. నేను విజయవాడలో నాలుగేళ్లుగా సొంతంగా సైట్లు చేస్తున్నాను, కానీ అప్పటివరకు చేసినవన్నీ ఐదారు పేజీలవే: క్లినిక్కులు, ట్యూషన్ సెంటర్లు, ఒక కల్యాణ మండపం. వాటికి 12 నుంచి 15 వేలు తీసుకునేదాన్ని. షాపంటే దానికి రెట్టింపు పని ఉంటుందేమో అనుకుని "ముప్పై వేలు అవుతుంది బాబాయ్ గారూ" అనేశాను. "సరే అమ్మా, మంచి రోజు చూసి మొదలుపెడదాం" అన్నారు. మొత్తం నాలుగు నిమిషాల కాల్.

ఆ ఒక్క మాట వల్ల తర్వాత నెలన్నర నేను ఏం చేయాల్సి వచ్చిందో గంటలతో, రూపాయలతో సహా రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న "షాప్ సైట్‌కి ఎంత అడగొచ్చు అక్కా?" అనే. నా అంకె మీకు పనికిరాదు, ఆ అంకె ఎలా వచ్చిందో మాత్రం పనికొస్తుంది.

మరుసటి వారం వారధి దాటి మంగళగిరి వెళ్లి పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ షాపులో ఊరికే కూర్చున్నాను. ఈ కేసు మొత్తంలో నేను చేసిన అన్నిటికన్నా మంచి పని అదే. తెల్ల దుప్పటి పరిచిన పరుపులు, గోడవారగా నాలుగు ఇనప బీరువాలు, పైన అరల్లో ఇంకొన్ని చీరలు. పెద్దాయన వచ్చినవాళ్లకు చీరలు విప్పి చూపిస్తుంటే ఒక పక్కన ఆయన కోడలు ఫోన్‌తో వాట్సాప్ నడుపుతోంది. చీర పల్లు, అంచు, బ్లౌజు ముక్క వరసగా వీడియో తీయడం, గ్రూపులో పెట్టడం, వెంటనే "ధర?", "ఉందా?", "బయట వెలుతురులో ఇంకోసారి చూపిస్తారా" అని వచ్చే మెసేజ్‌లకు ఒక్కొక్కరికీ జవాబివ్వడం. ఆ రోజు నేను లెక్కపెట్టినప్పుడు ఒకే చీరకు ధర పదకొండు సార్లు టైప్ చేసింది.

అక్కడ కూర్చున్నాకే అర్థమైన సంగతులు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది, ప్రతి చీరా ఒక్కటే. ఒక పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) మీద కొన్ని చీరలు దిగుతాయి, కానీ పేక (అడ్డంగా నేసే దారం) రంగు మార్చారంటే చీర రంగే మారిపోతుంది, అంచు మారిస్తే ఇంకోటి. మామూలు షాప్ థీమ్‌లన్నీ, అంటే రెడీమేడ్ సైట్ డిజైన్లన్నీ, టీషర్టుల లెక్కలో తయారైనవి: ఒక ఫొటో, నాలుగు సైజులు, స్టాక్ యాభై. ఇక్కడ స్టాక్ ఎప్పుడూ ఒకటి, అది అమ్ముడుపోతే ఆ పేజీకే పని లేదు. అంటే 240 చీరలుంటే 240 పేజీలు, ఒక్కోదానికి ఫొటోలు, వివరాలు, మళ్లీ కొత్త చీరలొస్తే కొత్త పేజీలు. రెండోది, అదే చీర షాపులో ఎదురుగా కూర్చున్న మనిషికీ అమ్ముడుపోవచ్చు, అదే నిమిషంలో ఆన్‌లైన్‌లో ఇంకెవరో డబ్బు కట్టేయొచ్చు. మూడోది రంగుల పేర్లు. నేను మనసులో ఎరుపు, నీలం, ఆకుపచ్చ అని ఫిల్టర్ పెట్టుకుని వెళ్లాను, వాళ్లు నెమలికంఠం, వంగపండు, చిలకపచ్చ, కనకాంబరం, గంధం, మెంతి, రామా గ్రీన్ అంటున్నారు, కొనేవాళ్లూ అలాగే అడుగుతున్నారు.

ఇంటికొచ్చి ఆ రాత్రే లెక్క వేశాను. ముందు నా గంట ధర. ఇంటి అద్దె, ల్యాప్‌టాప్ ఈఎంఐ, ఇంట్లో ఇచ్చేది, అన్నీ కలిపి నెలకు నాకు 45 వేలు కావాలి. నెలంతా కూర్చున్నా క్లయింట్ దగ్గర డబ్బు అడగగలిగే గంటలు దాదాపు 100 మాత్రమే, మిగతాది పని వెతుక్కోవడానికి, ఫోన్లకు, నేర్చుకోవడానికి పోతుంది. అంటే గంటకు 450 రూపాయలు. ఈ లెక్క నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వేసుకోలేదు, ఐదు పేజీల సైట్లకు పక్కవాళ్లు ఎంత తీసుకుంటే అంత తీసుకున్నాను.

తర్వాత పని. సైట్ పెట్టడం, డిజైన్, పేజీలు కలిపి 22 గంటలు. పేమెంట్ గేట్‌వే, అంటే సైట్‌లో కొనేవాళ్లు కట్టే డబ్బు తీసుకునే సేవ, 8. కొరియర్ లెక్కలు, జీఎస్టీ సెట్టింగ్‌లు 10. చీరకు 20 నిమిషాల చొప్పున 240 చీరలు ఎక్కించడానికి 80. షాపులో అమ్మకానికీ సైట్‌కీ స్టాక్ కలపడానికి 20. వాళ్లకు నేర్పడానికి 8, టెస్టింగ్‌కు 10, మాట్లాడుకోవడానికి, మార్పులకు 15. మొత్తం 173 గంటలు, అంటే 77,850 రూపాయలు. నేను చెప్పింది 30 వేలు. అందులో సగానికి సగం దగ్గర దగ్గర చీరలు ఎక్కించడమే ఉందని చూడండి, కోడ్ రాసేదాని గురించే ఆలోచిస్తూ ధర చెప్పేవాళ్లకు ఆ 80 గంటలు కనపడనే కనపడవు.

మళ్లీ వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను, కాగితం ముందు పెట్టి. పెద్దాయన కోప్పడలేదు, కాసేపు ఏమీ అనలేదు, తర్వాత అన్న మాట నాకు బాగా గుచ్చుకుంది. "నువ్వు మాటన్నావు కదమ్మా. మేం మగ్గం వాళ్లకు కూలి చెప్పాక, నూలు ధర పెరిగిందని ఆ కూలి తగ్గించం." అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆయన ఆ 30 వేలు అనుకుని ఇంట్లో మాట్లాడుకున్నారు, కొడుక్కి చెప్పారు, శ్రావణానికి సైట్ తెరుద్దామనుకున్నారు.

అప్పుడు నేను అన్నది ఇది: "ధర మార్చను బాబాయ్ గారూ, 30 వేలే. ఆ 30 వేలకు ఎంత పని వస్తుందో అది మాత్రం ఇప్పుడు కూర్చుని రాసుకుందాం." 30 వేలను 450తో భాగిస్తే 66 గంటలు. ఆ 66 గంటల్లో పట్టే షాపు ఏది? ఈ ప్రశ్న పెట్టుకోగానే మాటల తీరే మారిపోయింది, బేరం నుంచి పనిలోకి వచ్చేశాం. 240 చీరలు 60 అయ్యాయి. ఆ అరవైలో నేను ఎక్కించేది 10, అవి చేస్తూ కోడలికి నేర్పిస్తాను, మిగతా 50 ఆమె ఎక్కిస్తుంది. స్టాక్ కలిపే 20 గంటల పని దగ్గర మాత్రం ఆగిపోయాం, అది లేకుండా ఎలా అని. ఆ అమ్మాయే అంది, "అక్కా, ఆ మూల బీరువా ఖాళీ చేసి వెబ్‌సైట్ చీరలు అరవై అందులోనే పెడదాం. షాపుకొచ్చినవాళ్లకు ఆ బీరువా తెరవం." 9 వేల రూపాయల పనికి ఖర్చు సున్నా అయింది. ఎవరికైనా ఆ బీరువాలోంచే కావాలంటే ముందు ఫోన్‌లో ఆ చీరను సైట్ నుంచి దాచేయాలి, తర్వాతే బిల్లు, ఇదొక్కటే నియమం. బీరువా తలుపు మీద కాగితం అంటించి ఆమే రాసింది.

కొత్త లెక్క 65 గంటలకు వచ్చింది. దాన్ని ఒకే పేజీ కాగితం మీద తెలుగులో రాశాను, ఏమేం ఉంటాయో సగం పేజీ, ఏమేం ఉండవో ఇంకో సగం. ఈ రెండో సగం గురించి నేను చాలా పట్టుబడతాను. క్లయింట్ మనసులో సైట్ అంటే తాను రోజూ చూసే పెద్ద పెద్ద షాపింగ్ యాప్‌లే, కాబట్టి "ఉండవు" అని రాయనిదంతా "ఉంటుంది" కిందే లెక్క. క్యాష్ ఆన్ డెలివరీ ఉండదు. దానిమీద గంటసేపు మాట్లాడుకున్నాం, ఎందుకంటే ఊళ్లలో చాలామంది అదే అడుగుతారు. కానీ ఒక్కటే ఉన్న చీర క్యాష్ ఆన్ డెలివరీలో వెళ్లి అవతలివాళ్లు తీసుకోకపోతే రానుపోను కొరియర్ ఖర్చు మనదే, పైగా ఆ చీర పది పన్నెండు రోజులు దారిలోనే ఉంటుంది, వరలక్ష్మీ వ్రతం ముందు ఆ పది రోజులే అమ్మకం. విదేశీ ఆర్డర్లు కూడా మొదటి దశలో ఉండవని రాశాం. అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతున్నారని తెలుసు, అయితే దానికి ఐఈసీ కోడ్ (ఎగుమతులకు ప్రభుత్వం ఇచ్చే నంబరు) తీసుకోవాలి, గేట్‌వేలో విదేశీ కార్డులు విడిగా తెరిపించుకోవాలి, కొరియర్ లెక్కలే వేరు. కూపన్లు, యాప్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలపడం, ఇవీ లేవు.

సైట్ దేనిమీద కట్టాలన్నది త్వరగానే తేలింది. పెద్దాయన "నెలనెలా అద్దె కట్టేది వద్దమ్మా" అన్నారు, అందుకే నెలనెలా అద్దె తీసుకునే షాపిఫై కాకుండా, ఉచితంగా దొరికే వర్డ్‌ప్రెస్ మీద దాని షాపు ప్లగిన్ వూకామర్స్ తీసుకున్నాం. ఒక్కటి మాత్రం స్పష్టంగా చెప్పాను: వూకామర్స్ ఉచితమే కానీ దాన్ని చూసుకునే మనిషి ఉచితం కాదు, అప్‌డేట్లు, బ్యాకప్‌లు ఎవరో ఒకరు చేయాలి, దానికి నెలకు 1,500, ఇది 30 వేలలో లేదు. నా సేవ వద్దనుకుంటే నేర్పిస్తాను. ఒప్పుకున్నారు. అలా చూసుకునే మనిషి ఎవరూ లేని క్లయింటైతే నేనే షాపిఫై తీసుకోమంటాను. డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ చోటు), గేట్‌వే ఖాతా అన్నీ వాళ్ల పేరుతో, వాళ్ల కార్డుతో తీయించాను. హోస్టింగ్ మొదటి ఏడాది 4,200 అయింది, రెండో ఏడాది రెన్యువల్ ధర దీనికన్నా ఎక్కువుంటుందని అదే కాగితంలో రాశాను, లేకపోతే వచ్చే ఏడాది ఆ బిల్లు చూసి నన్నే అడుగుతారు.

చీర ధర పెట్టేటప్పుడు ఇంకో లెక్క వాళ్లతో కూర్చుని వేశాను. 2,400 రూపాయల చీర ఆన్‌లైన్‌లో అమ్మితే గేట్‌వే 2 శాతం, అంటే 48 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 8.64, మొత్తం 56.64 పోతుంది. చీర మీద 5 శాతం జీఎస్టీ ధరలోనే కలిసి ఉంటుంది, కొనేవాళ్లు ఆంధ్రాలోనే ఉంటే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ రెండున్నర చొప్పున, హైదరాబాదో బెంగళూరో అయితే ఐజీఎస్టీ ఐదు. వాళ్లకు జీఎస్టీ నంబరు ముందే ఉంది కాబట్టి ఇక్కడ ఇబ్బంది రాలేదు.

అసలు ఇబ్బంది అట్టపెట్టెలతో వచ్చింది. చీరలను బంగారు రంగు అట్టపెట్టెలో పెట్టి పంపాలని వాళ్ల కోరిక, పెట్టె 38 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు, 6 ఎత్తు. చీర బరువు అర కిలో లోపే. కొరియర్ వాళ్లు మాత్రం అసలు బరువు, పెట్టె సైజు బరువు రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తే ఆ పెట్టె 1.28 కిలోలు, అంటే కిలోన్నర చార్జీ. షాపులో ఉన్న టేపుతో అక్కడే కొలిచి ఫోన్ క్యాలిక్యులేటర్‌లో చూపిస్తే పెద్దాయన నమ్మలేదు, రెండోసారి తనే కొలిచారు. చీరను పల్చగా మడిచి 30, 24, 3 సెంటీమీటర్ల కవరులో పెడితే 0.43 వస్తుంది, అర కిలో చార్జీతో పోతుంది. బంగారు పెట్టె కావాలన్నవాళ్లకు విడిగా డబ్బు తీసుకునేలా పెట్టాం. ఈ కొలతలు, మళ్లీ కొరియర్ రేట్లు మార్చడం అంతా కలిపి నాకు 5 గంటలు ఎక్కువైంది.

రంగులు ఇంకో 7 గంటలు తిన్నాయి. మొదటి పది చీరల ఫొటోలు షాపులో ట్యూబ్‌లైట్ కింద తీశాం, వంగపండు చీర ఫోన్‌లో నీలంగా పడింది, చిలకపచ్చ పసుపుగా. అన్నీ తీసేసి, షాపు వెనక వరండాలో పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర లోపు, తెల్ల దుప్పటి మీద, ఎండ నేరుగా పడని చోట మళ్లీ తీశాం. వరండా నేల మీద రంగుతో గీత గీశాను, ఫోన్ స్టాండ్ ఎప్పుడూ ఆ గీత మీదే ఉండాలి. సైట్‌లో రంగుల ఫిల్టర్‌లో షాపు పేర్లే ఉంచి, వెతుకులాటకు మామూలు పేర్లు, ఇంగ్లీషు పేర్లు వెనకాల జోడించాను. నెమలికంఠం అని కొట్టినా, పీకాక్ బ్లూ అని కొట్టినా అదే చీర రావాలి. ఈ జోడింపు గంటలో అయిపోయే పని, సైట్‌లో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం కూడా అదే.

గేట్‌వే వెరిఫికేషన్‌కు 4 గంటలు ఎక్కువ. రిటర్న్, రీఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, నిబంధనలు, కాంటాక్ట్, ఈ పేజీలన్నీ ఉంటేనే ఖాతా తెరుస్తారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు కూడా సైట్‌లో ఉండాలి. ఈ పేజీలు నేనెక్కడో కాపీ కొట్టి పెట్టడానికి లేదు, ఎందుకంటే రిటర్న్ తీసుకుంటారా లేదా అన్నది వాళ్ల వ్యాపార నిర్ణయం. ఫాల్ కుట్టించాక రిటర్న్ లేదు, చిరుగు ఉంటే పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉండాలి, రంగు తేడా అంటే మూడు రోజుల్లో చెప్పాలి, ఇవి తేల్చుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది.

వూకామర్స్‌లో ఒక సెట్టింగ్ గురించి చెప్పాలి, ఒక్కటే ఉన్న వస్తువులు అమ్మే ఎవరికైనా ఇది తప్పనిసరి. ఎవరైనా డబ్బు కట్టే దాకా వచ్చి ఆగిపోతే ఆ వస్తువును అది 60 నిమిషాలు వాళ్లకోసం పట్టి ఉంచుతుంది. యాభై ఉన్న టీషర్టుకు ఏమీ కాదు, ఒక్కటే ఉన్న చీరకు మాత్రం ఆ గంటసేపు "అమ్ముడైపోయింది" అని కనిపిస్తుంది. టెస్టింగ్‌లో మా చెల్లి డబ్బు కట్టే దాకా వచ్చి కట్టకుండా వదిలేస్తే నాకు ఆ సంగతి తెలిసింది, 15 నిమిషాలకు తగ్గించాను. ఆ టెస్టింగ్‌లోనే ఇంకోటి బయటపడింది: యూపీఐలో డబ్బు కట్టి, తిరిగి సైట్‌కి రాకుండా ఫోన్ మూసేస్తే డబ్బు పడుతోంది, ఆర్డర్ మాత్రం పెండింగ్‌లోనే ఉంటోంది. వెబ్‌హుక్, అంటే డబ్బు పడగానే గేట్‌వే నేరుగా సైట్‌కి చెప్పే ఏర్పాటు, పెట్టడం నేనే మరిచిపోయాను. అది దొరక్కుండా సైట్ తెరిచి ఉంటే, డబ్బు కట్టినవాళ్ల చీర పావుగంట తర్వాత ఇంకొకరికి అమ్ముడుపోయేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మర్నాడు ఒక రూపాయి చీర ఒకటి పెట్టి పద్నాలుగు రకాలుగా కొని చూశాను.

డబ్బు విడతల దగ్గర నేను చేసిన తప్పుకు మూడు వారాల టెన్షన్ పడ్డాను. 12 వేలు అడ్వాన్స్, 9 వేలు డిజైన్ ఒప్పుకున్నాక, 9 వేలు "సైట్ తెరిచిన రోజు" అని రాసుకున్నాం. జూన్ ఆఖరుకు నా పని అయిపోయింది. జూన్ 26 నుంచి ఆషాఢం, షాపులో తగ్గింపు అమ్మకాలు మొదలు, కోడలికి ఫోన్ పట్టుకునే తీరికే లేదు, 50 చీరల్లో 12 దగ్గరే ఆగిపోయింది. తప్పు ఆమెది కాదు, చీరల షాపుకు ప్లాన్ వేస్తూ ఆషాఢాన్ని లెక్కలోకి తీసుకోని తప్పు నాది. జూలై 1న రావాల్సిన డబ్బు 22న వచ్చింది. ఇప్పుడు ఆఖరి విడతను నా పని అప్పగించిన రోజుకే ముడిపెడతాను, క్లయింట్ చేయాల్సిన పనికి ముడిపెట్టను.

సైట్ జూలై 21న తెరిచాం, శ్రావణానికి నాలుగు రోజుల ముందు. ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం. ఆగస్టు ఆఖరు వరకు 19 ఆర్డర్లు, అందులో 11 పాత వాట్సాప్ కస్టమర్లవే. సైట్ వల్ల కొత్త కొనుగోలుదారులు వెల్లువలా వచ్చారని నేను చెప్పను, రాలేదు. కోడలు మాత్రం "అక్కా, ఇప్పుడు లింక్ పంపితే చాలు, ధర ఎవరూ అడగట్లేదు" అంది, ఆ రోజు కూర్చుని పదకొండు సార్లు లెక్కపెట్టిన నాకు అది చిన్న విషయం కాదు. ఒక చీర వెనక్కి వచ్చింది, రంగు తేడా అని, పాత ట్యూబ్‌లైట్ ఫొటో ఒకటి తీసేయకుండా మిగిలిపోయింది.

నాకు మొత్తం పట్టింది 81 గంటలు, అనుకున్నది 65. పెట్టెలకు 5, రంగులకు 7, పేజీలకు 4, ఆ పదహారే ఎక్కువ. గంటకు 370 రూపాయలు పడింది. నష్టం అనను, అయితే ఆ నాలుగో వంతు ఎక్కడ పోయిందో రాసి పెట్టుకున్నాను కాబట్టి రెండో దశ కొటేషన్‌లో లెక్క వేసిన 96 గంటల మీద నాలుగో వంతు కలిపి 120 గంటలు, 54 వేలు అని రాశాను, ఎందుకు కలిపానో కూడా రాశాను. అంతకన్నా ముందు, షాపులో రెండు రోజులు కూర్చుని ప్లాన్ రాయడానికి విడిగా 6 వేలు అడిగాను, ఆ ప్లాన్ తీసుకుని ఎవరితోనైనా చేయించుకోవచ్చు అని చెప్పి. అడిగేటప్పుడు గొంతు కాస్త వణికింది. పెద్దాయన "చీర డిజైన్‌కు గ్రాఫ్ వేసేవాళ్లకు మేమూ విడిగానే ఇస్తాం కదమ్మా" అని అక్కడికక్కడే ఫోన్‌పే చేశారు.

రెండో దశలో స్టాక్ సంగతి ఇంకా తేలలేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో సైట్‌ను కలపడానికి 28 గంటలు, 12,600 రూపాయలు అని రాసిచ్చాను, దాని పక్కనే "ఇంకో బీరువా: 0" అని కూడా రాశాను. దసరా అయ్యాక చెప్తామన్నారు. నిన్న కోడలు ఫొటో పంపింది, రెండో బీరువా సగం ఖాళీ చేసేసింది, తలుపు మీద కాగితం అప్పుడే అంటించి ఉంది.